వకీలు చదువు ఎవరి కోసం? మాధవ మేనన్ పని గురించి



ప్లీడరుగారి జ్ఞాపకార్థం కుటుంబం పెట్టిన నిధితో నెల్లూరు జిల్లా విడవలూరులో జరిగే ఈ ఉపన్యాస సభలో పేరుమోసిన వకీలు గురించి కాకుండా పాఠాలు చెప్పుకున్న ఒక మాస్టారి గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కాస్త తటపటాయించారు. పైగా ఆ మాస్టారు తెలుగువారు కారు. తిరువనంతపురంలో పుట్టి, దేశమంతా తిరిగి, అక్కడే కన్నుమూసిన మలయాళీ. అయినా ఇవాళ నెల్లూరు కోర్టులో వకాల్తా వేస్తున్న నలభై ఏళ్ల లోపు న్యాయవాదిని ఎవరినైనా తీసుకోండి. అతను చదివిన సిలబస్‌లోనో, రాసిన ప్రవేశ పరీక్షలోనో, చేసిన ఇంటర్న్‌షిప్‌లోనో ఆయన చెయ్యి ఉంటుంది. ఆయన పేరు ఎన్.ఆర్. మాధవ మేనన్ (1935-2019).

మేనన్ మీద నాకు గౌరవం ఉంది, ఒక ఫిర్యాదూ ఉంది. వకీలుకు చదువు ఎలా చెప్పాలో ఆయన తేల్చిపెట్టారు. ఆ చదువు ఎవరి కోసమన్నది మాత్రం తేలకుండా ఉండిపోయింది. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

ముందు పాత కథ కొంచెం చెప్పుకోవాలి. మద్రాసులో 1855 నుంచే న్యాయశాస్త్ర తరగతులు ఉన్నాయి. అయినా వకీలు తయారయ్యేది మాత్రం సీనియర్ ఇంటి వరండాలోనే. గుమస్తా పక్కన కూర్చుని దావా రాయడం, స్టాంపు లెక్క చూడటం, వాయిదా అడగడం నేర్చుకుంటే అదే చదువు. అందులోనూ అంతస్తులు. ఫస్టు గ్రేడు ప్లీడరు, సెకండు గ్రేడు ప్లీడరు, హైకోర్టు వకీలు, అటార్నీ, అందరి మీదా బారిస్టరు. ఒంగోలు అప్పట్లో మన నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఆ ప్రాంతంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు రాజమండ్రిలో సెకండు గ్రేడు ప్లీడరుగా ఎంత సంపాదించినా, ఎంత పేరు తెచ్చుకున్నా పై కోర్టు మెట్లెక్కే అర్హత రాలేదు. అందుకోసం 1904లో సముద్రం దాటి, 1907లో బారిస్టరై తిరిగొచ్చారు. మనిషిలో సత్తాకు కొదవ లేదు, చేతిలో ఉన్న పట్టాయే చాలలేదు.

అప్పటి నెల్లూరు జిల్లాలోనే పూడూరులో 1883లో పురోహితుల ఇంట పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ కథ ఇంకోలాంటిది. మద్రాసులో బి.ఎల్. చదివి, 1929 నుంచి 1944 దాకా అడ్వొకేట్ జనరల్‌గా ఉండి, ఆ తర్వాత రాజ్యాంగ ముసాయిదా సంఘంలో కూర్చున్నారు. నెల్లూరు వాళ్లం ఆయన పేరు చెప్పుకుని మురిసిపోతాం, తప్పులేదు. కానీ ఒక్క అల్లాడిని చూపించి ఆనాటి చదువు గొప్పదనడం ఎలా కుదురుతుంది? అలాంటివారు ఏ చదువులోంచైనా పైకి వస్తారు. చదువు మంచీ చెడూ తెలిసేది మామూలు వకీలు దగ్గర. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కం’లో ప్రైవేటు వకీలు నాయుడు ఉన్నాడు, ప్లీడరు సౌజన్యారావు పంతులూ ఉన్నాడు. కోర్టుకు పోయిన సామాన్యుడికి నాయుడు ఎప్పుడైనా దొరుకుతాడు. సౌజన్యారావు దొరకడం అదృష్టం. ఆ అదృష్టం అవసరం లేకుండా చేయడమే లా కాలేజీ పని అని నా లెక్క.

1961లో అడ్వొకేట్ల చట్టం వచ్చి ఈ గ్రేడులన్నీ ఎత్తేసింది. దేశమంతా ఒకే తరగతి న్యాయవాది, ఒకే పేరు, అడ్వొకేటు. చదువు ప్రమాణాలు చూసే బాధ్యత బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నెత్తిన పడింది. అంతకు మూడేళ్ల ముందే, 1958లో, సెతల్వాద్ అధ్యక్షతన లా కమిషన్ తన 14వ నివేదికలో న్యాయవిద్యను తూర్పారబట్టింది. ఏ పూటకు ఆ పూట వచ్చిపోయే పార్ట్ టైం పంతుళ్లు, హాజరు కోసం కూర్చునే విద్యార్థులు, పరీక్షకు ముందు బట్టీ. వేరే పని ఏదీ దొరక్కపోతే లా చదువు అన్న మాట మన వైపు ఇంకా వింటూనే ఉంటాం. ‘పట్టా చేతిలో ఉంటే ఎప్పటికైనా పనికొస్తుందిలే’ అనే తండ్రులు ఈ సభలోనూ ఉంటారు.

మేనన్ ఆ చదువులోంచే వచ్చారు. బి.ఎస్‌సి. తర్వాత లా చదివి, 1956లో కేరళలో అడ్వొకేట్‌గా పేరు నమోదు చేసుకునేనాటికి వయసు ఇరవయ్యొక్కటి. ప్రాక్టీసులో ఎక్కువ కాలం నిలవలేదు. కేంద్ర సచివాలయంలో ఉద్యోగం వచ్చి ఢిల్లీ వెళ్లారు. అక్కడి నుంచి అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయానికి చేరి ఎల్.ఎల్.ఎం., పిహెచ్.డి. చేసి, 1960ల్లో పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. తర్వాత ఢిల్లీ విశ్వవిద్యాలయం. మధ్యలో కొంతకాలం పుదుచ్చేరి లా కాలేజీ ప్రిన్సిపాల్.

ఢిల్లీలో ఉన్నప్పుడే ఆయనకు ఒక పట్టుదల పట్టుకుంది. రోగి మొహం చూడకుండా ఎవరూ డాక్టరు కారు కదా, మరి కక్షిదారు మొహం చూడకుండా వకీలు ఎలా అవుతాడు? విద్యార్థులను తరగతి గదిలోంచి బయటికి తీసుకెళ్లి ఉచిత న్యాయ సహాయం పనిలో పెట్టారు. దీనికే క్లినికల్ లీగల్ ఎడ్యుకేషన్ అని పేరు. అమెరికాలో 1960లలో ఊపందుకున్న పద్ధతి ఇది. మేనన్ దాన్ని ఉన్నదున్నట్టు దించలేదు. అక్కడ విద్యార్థి పర్యవేక్షణలో కోర్టులో వాదించవచ్చు, మన చట్టం అందుకు ఒప్పుకోదు. కాబట్టి ఇక్కడ క్లినిక్ అంటే కోర్టు బయట జరిగే పని. అర్జీ రాసిపెట్టడం, రాజీ కుదర్చడం, హక్కు ఉందని చెప్పడం, ఏ ఆఫీసుకు పోవాలో దారి చూపడం. చెప్పుకోవడానికి చిన్న పనే. మన మండలాల్లో న్యాయం అవసరమయ్యేవాళ్లలో ఎక్కువమందికి కావలసింది అదే.

1980ల మొదట్లో బార్ కౌన్సిల్ రెండు నిర్ణయాలు తీసుకుంది. ఇంటర్ తర్వాత అయిదేళ్ల లా కోర్సు పెట్టడం ఒకటి, దానికి నమూనాగా ఒక కొత్త సంస్థను తానే స్థాపించడం రెండోది. ఆ రెండో పని మేనన్ చేతిలో పెట్టారు. 1986లో కర్ణాటక శాసనసభ చట్టం చేసింది, 1988లో బెంగళూరులో నేషనల్ లా స్కూల్ తొలి తరగతులు మొదలయ్యాయి. పన్నెండేళ్లు ఆయనే వైస్ ఛాన్సలర్.

ఆ బడిలో ఏం జరిగిందో కొంచెం వివరంగా చెప్పాలి. మన కాలేజీల్లో అందరూ దాన్ని పేరుకు కాపీ కొట్టారు, లోపలి పని మాత్రం వదిలేశారు. ఏడాదికి మూడు టర్ములు. ప్రతి సబ్జెక్టుకూ ఒక పరిశోధనా వ్యాసం రాసి, తరగతి ముందు నిలబడి దాన్ని సమర్థించుకోవాలి. ఏడాది చివర ఒక్క పరీక్ష రాసి గట్టెక్కే వీలు లేదు. టీచర్లంతా పూర్తికాలం పనిచేసేవారే, విద్యార్థులంతా హాస్టల్లోనే. చరిత్ర, ఆర్థికశాస్త్రం, సమాజశాస్త్రం లా పాఠాలతో పాటే నడిచేవి. కాంట్రాక్టు చట్టం చెప్పేటప్పుడు ఆ సెక్షను ఏ సంవత్సరం వచ్చిందనే దానికంటే, ఆ ఒప్పందం విరిగితే ఎవరు నష్టపోతారనే చర్చ ఎక్కువ. ఛాన్సలర్ హోదా భారత ప్రధాన న్యాయమూర్తిది కాబట్టి రాష్ట్ర రాజకీయం బడి గుమ్మం దాటడం కష్టమైంది. 1993లో బయటికొచ్చిన మొదటి బ్యాచి చూసి దేశమంతా ఇదే కావాలంది.

హైదరాబాదులో 1998లో ప్రత్యేక చట్టంతో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వచ్చింది. మొదటి వైస్ ఛాన్సలర్ రణబీర్ సింగ్. తర్వాత విశాఖ దగ్గర దామోదరం సంజీవయ్య జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం. దేశంలో ఇలాంటివి 20కి మించాయి. మనవాళ్లూ ఈ బాటలో ముందుకు వచ్చారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన ఆర్. వెంకటరావు 2009 నుంచి పదేళ్లు బెంగళూరులో మేనన్ కుర్చీలో కూర్చున్నారు. వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయంలో చదివిన శ్రీకృష్ణ దేవరావు ఒడిశా, ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు వైస్ ఛాన్సలర్‌గా చేసి 2022లో నల్సార్‌కు వచ్చారు. మేనన్ మాత్రం బెంగళూరు వదిలి 1998లో కోల్‌కతా వెళ్లి అక్కడ ఇంకో జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం నిలబెట్టారు. 2003 నుంచి 2006 దాకా భోపాల్‌లో నేషనల్ జుడిషియల్ అకాడమీ డైరెక్టరుగా జడ్జీలకూ పాఠాలు చెప్పారు. 2003లో పద్మశ్రీ, మరణానంతరం 2020లో పద్మభూషణ్ వచ్చాయి.

ఇంతవరకూ గౌరవం. ఇక ఫిర్యాదు.

ఈ బడుల్లోంచి వచ్చిన పిల్లలు ఎటు పోయారు? ముంబయి, ఢిల్లీ, బెంగళూరు కార్పొరేట్ లా ఫర్మ్‌లకు పోయారు. కొందరు లండన్, సింగపూర్ దాటారు. కొద్దిమంది సుప్రీంకోర్టులో నిలదొక్కుకున్నారు. జిల్లా కోర్టుకు వచ్చినవారిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, తాలూకా కోర్టు సంగతి అడగనే వద్దు. పిల్లల్ని తప్పుపట్టను. అయిదేళ్లకు లక్షల్లో ఫీజు కట్టి, బ్యాంకు అప్పు తీర్చాల్సిన అమ్మాయిని కోవూరు వచ్చి జూనియర్‌గా చేరమనడానికి నోరెలా వస్తుంది? మేనన్‌కూ ఈ బాధ ఉండేది. తాను ఎవరి కోసం ఈ బడి కట్టారో ఆ పేదవాడి దగ్గరికి తన పిల్లలు చేరలేదని చివరి ఏళ్లలో పదేపదే అన్నారు.

అయితే దీన్ని విద్యార్థుల మనసుకు సంబంధించిన విషయంగా చూస్తే పొరపడతాం. లెక్క చూడాలి. జూనియర్ న్యాయవాదికి మొదటి మూడేళ్లు ఎవరు తిండి పెడతారు? చాలా ఆఫీసుల్లో ఇచ్చేది బస్సు ఛార్జీలకే సరిపోతుంది. అందుకే తండ్రో మామో వకీలైనవాళ్లు నిలబడతారు, మిగతావాళ్లు రెండో ఏడు గ్రూప్స్‌కు చదువుకుంటారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 డిసెంబరులో లా నేస్తం పేరుతో జూనియర్ న్యాయవాదులకు మొదటి మూడేళ్లు నెలకు 5,000 రూపాయలు ఇవ్వడం మొదలుపెట్టింది. 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయల కనీస స్టైపెండ్ ఇవ్వాలని సీనియర్లకు సూచించింది. సూచనే, ఆజ్ఞ కాదు. నేస్తం పేరు ఎవరు పెట్టారు, ఏ పార్టీ పెట్టింది అన్న గొడవ నాకొద్దు. మెడికల్ కాలేజీలో హౌస్ సర్జన్‌కు స్టైపెండ్ ఇవ్వాలా వద్దా అని ఎవరూ చర్చించరు. కొత్త వకీలు విషయానికి వచ్చేసరికి అది దానధర్మమైపోయింది.

శిక్షణ విషయంలో ఒక తెలుగు న్యాయమూర్తి శ్రమ ఇక్కడ గుర్తుచేయాలి. రాజమండ్రికి చెందిన జస్టిస్ ఎం. జగన్నాధరావు. 1994లో జస్టిస్ అహ్మదీ నాయకత్వంలో న్యాయవిద్య మీద వేసిన ముగ్గురు జడ్జీల సంఘంలో ఆయన సభ్యుడు. ప్రవేశ పరీక్ష, సీనియర్ దగ్గర అప్రెంటిస్‌షిప్, ఆ తర్వాతే లైసెన్సు అని ఆ సంఘం చెప్పింది. బార్ కౌన్సిల్ 1995లో ఏడాది శిక్షణ తప్పనిసరి చేసింది. 1999లో వి. సుదీర్ కేసులో సుప్రీంకోర్టు ఆ నిబంధనలు కొట్టేసింది. శిక్షణ అక్కర్లేదని కాదు, నిబంధన పెట్టే అధికారం చట్టం ఇవ్వలేదని. జగన్నాధరావు వదల్లేదు. 2002లో ఆయన అధ్యక్షతన లా కమిషన్ 184వ నివేదిక న్యాయవిద్యనే విషయంగా తీసుకుని, అడ్వొకేట్ల చట్టం ఎక్కడెక్కడ మార్చాలో విడమర్చి చెప్పింది. శిక్షణ రాలేదు. దాని బదులు ఆలిండియా బార్ పరీక్ష వచ్చింది, 2011లో మొదటిసారి జరిగింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ పరీక్షను సమర్థించింది. పుస్తకం చూసి రాసేలా మొదలైన పరీక్ష, కక్షిదారుతో మాట్లాడటం వచ్చో రాదో ఎలా చెబుతుంది? మేనన్ ఉద్దేశం ఒకటి, మనం చేసుకున్నది ఇంకొకటి.

క్లినిక్ గతీ అంతే. ప్రొఫెషనల్ ఎథిక్స్, డ్రాఫ్టింగ్, ప్రత్యామ్నాయ పరిష్కారం, మూట్ కోర్టు పేరుతో నాలుగు ప్రాక్టికల్ పేపర్లు ప్రతి లా కాలేజీలోనూ తప్పనిసరి. వాటి వెనక మేనన్ దశాబ్దాల కృషి ఉంది. మన కాలేజీల్లో అవి రికార్డు బుక్కులుగా మారాయి. సీనియర్ రాసిన రికార్డు జూనియర్ దించుతాడు, దానికి అట్ట వేసి సంతకం పెట్టించుకుంటాడు. కోర్టుకు పోయి చూశానని రాసిన కేసు నెంబరు పదిమంది రికార్డుల్లో ఒకటే ఉంటుంది. పాతికేళ్లు ఆ సంతకాలు పెట్టిన బల్ల ఇవతలివాళ్లలో నేనూ ఒకణ్ణి కాబట్టి ఈ మాట ధైర్యంగా అంటున్నాను.

విడవలూరుకు దీంతో ఏం సంబంధం అని మీరు అడగొచ్చు. చాలా ఉంది. 1990ల్లో మన తీరమంతా రొయ్యల గుంటలు లేచాయి. వరి మళ్లు చెరువులయ్యాయి, పక్క పొలాల్లోకి, తాగే నీళ్లలోకి ఉప్పు దిగిందని గొడవలు వచ్చాయి. ఆ రోజుల్లో తమిళనాడు గాంధేయవాది ఎస్. జగన్నాథన్ సుప్రీంకోర్టుకు పోయారు. 1996 డిసెంబరు 11న జస్టిస్ కుల్‌దీప్ సింగ్ ధర్మాసనం తీర్పు చెప్పింది. కోస్తా నియంత్రణ పరిధిలో సంప్రదాయేతర రొయ్యల చెరువులు తీసేయాలి, నష్టపోయినవాళ్లకు, పని పోయిన కూలీలకు పరిహారం ఇవ్వాలి. ఆ తర్వాత రివ్యూలు, బిల్లులు నడిచి, చివరికి 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. ఈ తొమ్మిదేళ్లలో ఇక్కడి రైతు, లీజుదారు, వలకారి, కూలీ ఎవరి బతుకు ఆ తీర్పు మీద ఆధారపడిందో వాళ్లలో ఎంతమంది ఆ తీర్పు చదవగలిగారు? ఇంగ్లీషులో పొడవాటి తీర్పు అది. నాలుగు పేజీల తెలుగులో చెప్పి, ‘మీ గుంట సముద్రానికి ఇంత దూరంలో ఉంది కాబట్టి మీ సంగతి ఇదీ’ అని విప్పిచెప్పే కొత్త వకీలు ఒక్కడున్నా ఎన్ని వాయిదాలు తగ్గేవో.

లీగల్ సర్వీసెస్ అథారిటీల చట్టం 1987లో చేసి 1995 నవంబరు నుంచి అమల్లో పెట్టారు. 12వ సెక్షను ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయ సహాయం హక్కు. దళితులకు, గిరిజనులకు, కస్టడీలో ఉన్నవాళ్లకు, కార్మికులకు, విపత్తుల బాధితులకు కూడా హక్కే. తుపాను దెబ్బ తిన్న తీర గ్రామంలో దాదాపు ఊరంతా ఆ సెక్షను కిందికి వస్తుంది. అయినా మన ఊళ్లో న్యాయ సహాయం అంటే కోర్టువారి మెగా లోక్ అదాలత్ బ్యానరే గుర్తొస్తుంది. చట్టం లేక కాదు, దాన్ని మోసుకెళ్లే మనిషి లేక.

భాష సంగతీ ఉంది. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఇంగ్లీషులో, బెంగళూరు పాఠం ఇంగ్లీషులో. పేద ఇళ్ల పిల్లలు, ప్రాంతీయ భాషల్లో చదివిన పిల్లలు ఈ బడుల్లో దాదాపు కనిపించడం లేదని గమనించి న్యాయశాస్త్ర అధ్యాపకుడు షమ్నాద్ బషీర్ 2010లో ఐడియా అనే సంస్థ పెట్టి, పల్లె పిల్లలకు శిక్షణ ఇప్పించడం మొదలుపెట్టారు. ఆయనా మేనన్ పోయిన ఏడాదే, 2019లో, చిన్న వయసులోనే పోయారు. తెలుగులో చట్టం రాసినవాళ్లు మనకు లేకపోలేదు. నల్సార్‌లో పాఠాలు చెప్పి, కేంద్ర సమాచార కమిషనర్‌గా పనిచేసిన మాడభూషి శ్రీధర్ దినపత్రికల్లో సామాన్యుడి కోసం ఏళ్ల తరబడి రాశారు. 2023లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం ఒక తీర్పును తెలుగులో ఇచ్చింది. మంచి పనులే. కానీ లా కాలేజీలో తెలుగులో ప్లెయింటు రాయడం ఒక పేపరుగా ఎందుకు ఉండదో నాకు అంతుపట్టదు. కక్షిదారు చెప్పేది తెలుగు, సాక్షి చెప్పేది తెలుగు, గుమస్తా టైపు చేసేది తెలుగు. మధ్యలో వకీలు ఒక్కడే ఇంగ్లీషులో ఆలోచించి తిరిగి తెలుగులోకి దిగాల్సిన పనేమిటి?

మేనన్ వదిలిన లెక్క ఇదని నేననుకుంటున్నాను. ఆయన నమూనా బడి కట్టి, అది చూసి మిగతావి మారతాయని ఆశించారు. దేశంలో లా కాలేజీలు వెయ్యికి పైగా ఉన్నాయి, మన జడ్జీలు, వకీళ్లు ఎక్కువమంది వచ్చేది వాటిలోంచే. ఆ వెయ్యి కాలేజీలు నమూనా బడి ఫీజును, పేరును చూశాయి, పని మాత్రం నేర్చుకోలేదు. పైనుంచి కిందికి కారుతుందనుకున్న చదువు కారలేదు. అలాగని కిందే వేరేగా మొదలుపెట్టడానికి ఆయన పద్ధతి కంటే మంచిది నాకు కనిపించదు. ఆయన ఢిల్లీలో మొదలుపెట్టింది హాస్టళ్లతో కాదు, ట్రైమిస్టర్లతోనూ కాదు. నలుగురు విద్యార్థులు, ఒక మాస్టారు, ఒక కష్టమున్న మనిషి. వాటికి స్థలం కూడా పెద్దగా అక్కర్లేదు.

అందుకని ఈ ఉపన్యాస నిధిని చూసుకునే కుటుంబానికి ఒక మనవి చేస్తాను. ఏటా నావంటివాణ్ణి పిలిచి శాలువా కప్పడానికి అయ్యే ఖర్చులో సగం మానుకోండి. ప్రతి నెలా రెండో శనివారం, కోర్టుకు సెలవు రోజు, నెల్లూరు లా కాలేజీ విద్యార్థులు నలుగురు, ఒక జూనియర్ న్యాయవాది విడవలూరు పంచాయతీ ఆఫీసు వరండాలో కూర్చుంటారు. జూనియర్‌కు ఆ రోజుకు వెయ్యి రూపాయలు, పిల్లలకు బస్సు ఛార్జీలు, మధ్యాహ్నం భోజనం. పాసుపుస్తకంలో తప్పు పడ్డ పేరు, లీజు ముగిసినా వదలని గుంట, భర్త పోయిన పింఛను, పోలీసులు తీసుకోని ఫిర్యాదు, ఏదైనా సరే. అక్కడే తేలేది అక్కడ తేల్చి, తేలనిది రాతపూర్వకంగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పంపుతారు. ప్రతి కేసుకూ విద్యార్థి తెలుగులో ఒక పేజీ రాస్తాడు. వాళ్ల ప్రాక్టికల్ మార్కులు ఆ పేజీలకే వేయించే పూచీ నాది. కాలేజీతో మాట్లాడటం మొదలుపెట్టాను, అటునుంచి పెద్ద అడ్డంకి ఉండదనే అనుకుంటున్నాను. జిల్లా సంస్థ అనుమతి కోసం ఉత్తరం కుటుంబం తరఫున వెళితే బాగుంటుంది. వేసవిలో పరీక్షలు కాబట్టి జులై నుంచి మొదలుపెట్టొచ్చు. వరండా విడవలూరులోనే పెట్టాలా, తీరానికి దగ్గరగా రామతీర్థం వైపు పెట్టాలా అన్నది ఇక్కడి పెద్దలు చెప్పాలి. ఎవరికీ అభ్యంతరం లేకపోతే సభ అయ్యాక కూర్చుని అదొక్కటి తేల్చుకుందాం.